లినక్స్‌లో డయలప్ సాఫ్ట్ మోడెమ్‌కి డ్రైవరు వెతికి పట్టుకోవడం ఎలా?

"పాత కంప్యూటర్‌లో లినక్స్ వేశాం. సౌండ్ వచ్చింది, మౌస్ వచ్చింది, మోడెమ్ మాత్రం కనపడటం లేదు. డ్రైవరు ఎక్కడ దొరుకుతుంది?" అమలాపురం వాళ్లు అడిగినా, భీమవరం వాళ్లు అడిగినా ప్రశ్న ఇదే. వెతికే పద్ధతి కూడా అందరిదీ ఒకటే: కార్డు వచ్చిన అట్టపెట్టె మీద పేరు చూసి, ఆ పేరుతో వెతకడం. అలా వెతికితే ఏడాదైనా దొరకదు. అట్ట మీద ఉన్నది ముద్దుపేరు. మనకి కావలసింది ఇంటిపేరు, అంటే చిప్పు తయారుచేసిన కంపెనీ. అది తెలిస్తే డ్రైవరు ఉందో లేదో పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంటర్నెట్ కోసమైతే ఈ శ్రమ వద్దు, సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ చాలు. ఫ్యాక్స్ పంపాలన్నా, ల్యాండ్‌లైన్‌కి ఎవరు ఫోన్ చేస్తున్నారో తెరమీద చూడాలన్నా, డయల్ చేస్తే తప్ప మాట్లాడని పాత యంత్రంతో పని ఉన్నా, కింద చెప్పింది మీకు పనికొస్తుంది.

సిద్ధాంతం ఒక్క ముక్క. మామూలు మోడెమ్‌లో చిన్న ప్రాసెసరు ఉండి శబ్దాన్ని అంకెలుగా, అంకెల్ని శబ్దంగా అదే మారుస్తుంది. సాఫ్ట్ మోడెమ్‌లో ఆ ప్రాసెసరు తీసేశారు. ఆ పని కంప్యూటర్ చేత చేయించేది డ్రైవరే. అందుకే ఇక్కడ డ్రైవరు లేకపోతే కార్డు వట్టి రేకుముక్క.

ఆదేశాల గురించి: ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన ఆదేశాల్ని టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. "ఎల్ఎస్‌పీసీఐ" అంటే ఆ అయిదు అక్షరాలూ కలిపి. పెద్ద అక్షరాలు కావలసిన చోట చెబుతాం. చిప్పు నంబర్లలో వచ్చే ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ కూడా ఇంగ్లీషు అక్షరాలే.

కావలసినవి

- పనిచేస్తున్న ల్యాండ్‌లైన్, దానికో మామూలు ఫోను. రాగి తీగ లైనైతే మేలు. ఫైబర్ డబ్బా వెనక ఫోను పోర్టు అయితే సంగతి వేరు, కింద చూడండి.
- ఆర్‌జే-11 తీగ, కొత్తది. ఎలకలు కొరికిన పాతది కాదు.
- ఇంటర్నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్, ఒక పెన్‌డ్రైవ్. మోడెమ్ డ్రైవరుని ఆ మోడెమ్ మీదే దించుకోలేం కదా.
- మీ కెర్నెల్‌కి (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) సరిపోయే హెడర్ల ప్యాకేజీ, జీసీసీ, మేక్. సోర్సు నుంచి డ్రైవరు తయారుచేసుకోవడానికి, అంటే "కట్టడానికి", ఇవి కావాలి.
- మినీకామ్ ప్యాకేజీ, అంటే మోడెమ్‌కి నేరుగా ఆదేశాలు కొట్టే ప్రోగ్రాం. పరీక్షకి ఇది లేనిదే కుదరదు.
- స్క్రూడ్రైవరు, పెన్సిల్ రబ్బరు.

దశలు

1. ముందు లైను చూడండి. మోడెమ్‌కి పెట్టబోయే తీగనే మామూలు ఫోనుకి పెట్టి వినండి. డయల్ టోన్ శుభ్రంగా రావాలి. గరగర వస్తే డ్రైవరు జోలికి వెళ్లకండి, ముందు లైను బాగుచేయించండి. మన వైపు వానాకాలంలో కాలవగట్టు పక్క జాయింట్లలోకి నీరు దిగి లైను గరగరమంటుంది. కరెంటు వైరుతో కలిపి కట్టి లాగిన ఫోను వైరు అయితే గుయ్యిమని హమ్ వస్తుంది. చెరువు గట్టు మీద షెడ్డుకి ఎరేటర్ల వైరుతో పాటే లాగేసినవి ముఖ్యంగా ఇలా ఉంటాయి.

2. కార్డు విప్పి చూడండి. ముందు ఫోను తీగ పీకేయండి, తర్వాతే కరెంటు ప్లగ్గు. లైనులో ఊరికే ఉన్నప్పుడే 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగ్ వచ్చే క్షణంలో చెయ్యి తగిలితే షాకు కొడుతుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో కార్డు అంచున బంగారు రంగు పళ్ల మీద నల్లటి పొర పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. "లైన్", "ఫోన్" అని రెండు రంధ్రాలు ఉంటాయి. గోడ నుంచి వచ్చే తీగ "లైన్"లోకే వెళ్లాలి. విప్పినప్పుడే పెద్ద చిప్పు మీద ఏం రాసి ఉందో కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

3. అసలు డ్రైవరు అవసరమా అని తేల్చుకోండి. కంప్యూటర్ బయట ఉండి, సొంత అడాప్టరుతో, సీరియల్ తీగతో కలిసే మోడెమ్‌కి ఏ డ్రైవరూ అక్కర్లేదు. అది /డెవ్/టీటీవైఎస్0 దగ్గర సిద్ధంగా ఉంటుంది (ఈ పేరులో చివరి "ఎస్" పెద్ద అక్షరం). యూఎస్‌బీ మోడెమ్ గుచ్చాక "డీమెసేజ్" ఆదేశం, అంటే డి, ఎం, ఇ, ఎస్, జి అక్షరాలు, ఇచ్చి చూడండి. చివర్లో "సీడీసీ ఏసీఎం", "టీటీవైఏసీఎం0" (ఇందులో "ఏసీఎం" పెద్ద అక్షరాలు) అని పడితే మీ పని అయిపోయినట్టే. సరాసరి దశ 9కి వెళ్లండి.

4. చిప్పు ఇంటిపేరు కనుక్కోండి. "ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్" కొట్టండి. వచ్చిన జాబితాలో "మోడెమ్", "కమ్యూనికేషన్ కంట్రోలర్", "సీరియల్ కంట్రోలర్" అనే మాటలున్న వరస వెతకండి. చివర చదరపు కుండలీకరణాల్లో నాలుగు అక్షరాలు, కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలు ఉంటాయి. మొదటి నాలుగు కంపెనీవి, తర్వాతి నాలుగు ఆ చిప్పువి. ధవళేశ్వరం దిగువన గోదారి చీలినట్టు దారి ఇక్కడే పాయలవుతుంది:

- 163సి: స్మార్ట్ లింక్. డ్రైవరు ఎస్ఎల్‌మోడెమ్.
- 11సి1: లూసెంట్, తర్వాత ఏజియర్. రెండో భాగం 044, 045తో మొదలైతే పాత మార్స్ చిప్పు, దానికి మార్షియన్ డ్రైవరు. 048సి, 048ఎఫ్ లాంటివైతే ఏజీఆర్ఎస్ఎం.
- 14ఎఫ్1: కానెక్సంట్. రెండో భాగం 10తో మొదలైతే హెచ్‌సీఎఫ్ డ్రైవరు, 2ఎఫ్‌తో మొదలైతే హెచ్ఎస్ఎఫ్ డ్రైవరు. ఇంకా పాతది 127ఎ, రాక్‌వెల్, అదీ చాలావరకు హెచ్‌సీఎఫ్ కుటుంబమే.
- 12బి9: యూఎస్ రోబోటిక్స్. 1008 అయితే అదృష్టం, లోపలి కార్డే అయినా అది నిజమైన మోడెమ్, కెర్నెల్ దాన్ని సీరియల్ పోర్టుగా గుర్తిస్తుంది. 1006, 1007 అయితే విన్‌మోడెమ్, అంటే విండోస్ కోసమే చేసిన సాఫ్ట్ మోడెమ్. వాటిని పక్కన పెట్టేయండి.
- 134డి పీసీటెల్, 1057 మోటరోలా: డ్రైవర్లు ఒకప్పుడు వచ్చాయి గానీ చాలా పాత కెర్నెళ్లకే. మామూలు వాడకానికి లేనట్టే లెక్క.
- 8086: ఇంటెల్. ఇక్కడే అందరూ బోల్తా పడేది, కింది దశ చదవండి.

5. ఇంటెల్ పేరు కనపడితే, లేదా ల్యాప్‌టాప్‌లో మోడెమ్ వరసే లేకపోతే. "82801 ఏసీ97 మోడెమ్ కంట్రోలర్" అని చూసి ఇంటెల్ డ్రైవరు కోసం వెతుకుతారు. ఆ కంట్రోలరు వట్టి వంతెన. వంతెన అవతల కూర్చున్న కోడెక్ (శబ్దాన్ని, అంకెల్ని అటూ ఇటూ మార్చే చిప్పు) ఎవరిదో తెలియాలి. ముందు "సుడో మోడ్‌ప్రోబ్ ఎస్ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం" కొట్టి, /ప్రాక్/ఎసౌండ్ కింద కార్డు పేరున్న ఫోల్డరులో కోడెక్97 లోపల "ఎంసీ97"తో మొదలయ్యే ఫైలుని "క్యాట్"తో చదవండి. సిలికాన్ లేబొరేటరీ అని ఉంటే స్మార్ట్ లింక్ డ్రైవరు పట్టుకోండి. కానెక్సంట్ అని ఉంటే హెచ్ఎస్ఎఫ్.

తర్వాత వచ్చిన హెచ్‌డీ ఆడియో ల్యాప్‌టాప్‌లలో మోడెమ్ సౌండ్ కార్డులో కలిసిపోయి ఉంటుంది, అందుకే విడిగా వరస రాదు. /ప్రాక్/ఎసౌండ్/కార్డ్0 లోపల "కోడెక్#1", "కోడెక్#2" ఫైళ్లు చదవండి. "మోడెమ్ ఫంక్షన్ గ్రూప్" అనే మాట ఉన్న ఫైలే మనది. అందులో వెండర్ ఐడీ 11సి11040 అయితే ఏజియర్. 14ఎఫ్1తో మొదలైతే కానెక్సంట్. 163సి3055 లాంటిదైతే స్మార్ట్ లింక్.

ఇవన్నీ చేత్తో చేయలేమంటే స్కాన్‌మోడెమ్ అనే స్క్రిప్టు ఉంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి నడిపితే "మోడెమ్" అనే ఫోల్డరులో మోడెమ్‌డేటా అనే ఫైలు రాసిపెడుతుంది. పాతదే గానీ, చిప్పు గుర్తించడంలో ఇప్పటికీ నమ్మొచ్చు.

6. కెర్నెల్ సరిచూడండి. "యూనేమ్ -ఆర్" కొట్టి వచ్చిన సంఖ్య రాసుకోండి. హెడర్ల ప్యాకేజీ అచ్చంగా ఆ సంఖ్యదే కావాలి. చివరి అంకె తేడా వచ్చినా మాడ్యూల్ (కెర్నెల్‌లోకి ఎక్కించే డ్రైవరు ముక్క) ఎక్కదు. ఈ డ్రైవర్లలో చాలావాటికి లోపలి ముఖ్యభాగం మూసిన ముద్దగానే ఇచ్చారు, మనం కట్టుకునేది దాని చుట్టూ తొడుగు మాత్రమే. కొత్త కెర్నెళ్లకి ఆ తొడుగు కుట్టే దర్జీలు ఇప్పుడు లేరు. అందుకని ఏజియర్, కానెక్సంట్, మార్స్ చిప్పులకి కెర్నెల్ 2.6 కాలపు 32 బిట్ లినక్స్ వేసుకోవడమే తెలివి. ఇన్‌స్టాల్ చేయకుండా చూడాలంటే పప్పీ లినక్స్ పాత 4 వరస సీడీతో బూట్ చేయండి. అందులో చాలా సాఫ్ట్ మోడెమ్ డ్రైవర్లు ముందే పెట్టి ఉన్నాయి. అక్కడ పనిచేస్తే మీ కార్డు మంచిదే, తిరుగులేదు.

హెచ్చరిక: అలా పాత లినక్స్ వేసిన యంత్రాన్ని ఇంటర్నెట్‌కి, బ్యాంకు పనులకి వాడొద్దు. ఫ్యాక్స్‌కే కేటాయించండి.

7. స్మార్ట్ లింక్ అయితే. అందరిలోకీ మీరే అదృష్టవంతులు. కోడెక్ సౌండ్ వైపు ఉంటే కెర్నెల్ మాడ్యూల్ ఏదీ కట్టనక్కర్లేదు. కెర్నెల్‌లోనే ఉన్న ఆల్సా (సౌండ్ వ్యవస్థ) దారి చూపిస్తుంది, పైన "ఎస్ఎల్‌మోడెమ్‌డీ" అనే ప్రోగ్రాం నడిస్తే చాలు. డెబియన్‌లో ప్యాకేజీ పేరు ఎస్ఎల్-మోడెమ్-డీమన్, నాన్‌ఫ్రీ విభాగంలో వెతకండి.

హెచ్‌డీ ఆడియో ల్యాప్‌టాప్‌లో ఆదేశం: "సుడో ఎస్ఎల్‌మోడెమ్‌డీ --కంట్రీ=ఇండియా --ఆల్సా హెచ్‌డబ్ల్యూ:0,6". ఇందులో ఇండియా పెద్ద అక్షరాల్లో. ఏసీ97 అయితే చివరి ముక్క బదులు "మోడెమ్:1" అని ఇవ్వండి. అంకెలు మీ యంత్రంలో వేరు కావచ్చు, /ప్రాక్/ఎసౌండ్/పీసీఎం ఫైలులో మోడెమ్ అన్న వరస చూసి సరిచేసుకోండి. సరిగ్గా నడిస్తే "/డెవ్/టీటీవైఎస్ఎల్0 ని మోడెమ్‌గా వాడుకోండి" అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో (పేరులో "ఎస్ఎల్" పెద్ద అక్షరాలు) పడి, ప్రోగ్రాం అక్కడే ఆగి ఉంటుంది. ఆ కిటికీ మూసేయకండి. మూస్తే మోడెమ్ కూడా పోతుంది. ఇంకో టెర్మినల్ తెరిచి పని చేసుకోండి.

విడి పీసీఐ కార్డు అయితే మాత్రం ఎస్ఎల్ఏఎంఆర్ అనే మాడ్యూల్ కట్టాలి, అప్పుడు దశ 6లో చెప్పిన కెర్నెల్ బాధ మీకూ తప్పదు.

8. మిగతా కుటుంబాలు. కట్టడం అన్నిటికీ ఒకే తీరు: విప్పడం, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్, మోడ్‌ప్రోబ్. తేడా ఏమిటంటే మోడెమ్ ఏ పేరుతో ప్రత్యక్షమవుతుంది అన్నదే. మార్షియన్‌లో మాడ్యూల్ ఎక్కించాక మార్షియన్_మోడెమ్ అనే సహాయక ప్రోగ్రాం కూడా నడపాలి, అప్పుడు /డెవ్/టీటీవైఎస్ఎం0 వస్తుంది. ఏజీఆర్ఎస్ఎంలో /డెవ్/టీటీవైఏజీఎస్3. కానెక్సంట్ హెచ్ఎస్ఎఫ్‌లో హెచ్ఎస్ఎఫ్‌కాన్ఫిగ్ నడిపితే /డెవ్/టీటీవైఎస్‌హెచ్ఎస్ఎఫ్0. ఈ పేర్లన్నిటిలో "టీటీవై" తర్వాతవి పెద్ద అక్షరాలు. కానెక్సంట్ డ్రైవరు లినక్సాంట్ అనే కంపెనీది. దాని ఉచిత రూపం 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది, ఫ్యాక్స్ ఉండదు. లైను చెడిందనుకుని దానితో కుస్తీ పట్టకండి.

9. పరీక్ష. అసలు పని ఇదే, తొందరపడొద్దు. "మినీకామ్ -ఎస్" తెరిచి సీరియల్ పోర్టు దగ్గర మీ మోడెమ్ పేరు రాయండి, వేగం 115200. బయటికొచ్చాక పెద్ద అక్షరాల్లో ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని రావాలి. వస్తే డ్రైవరు బతికే ఉంది. ఇక్కడితో ఆగి సంబరపడేవాళ్లే ఎక్కువ. ఓకే అన్నది డ్రైవరు, ఫోను లైను కాదు.

లైను పరీక్షకి ఎవరి సర్వరూ అక్కర్లేదు, మీ జేబులో సెల్‌ఫోన్ చాలు. ఏటీడీటీ అని కొట్టి, వెంటనే సున్నా, తర్వాత మీ పది అంకెల సెల్ నంబరు ఇచ్చి ఎంటర్ కొట్టండి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్ నంబరుకి ముందు సున్నా తప్పనిసరి, అది లేకపోతే రికార్డు చేసిన గొంతు పలుకుతుంది గానీ సెల్ మోగదు. సెల్ మోగి, తెరమీద మీ ల్యాండ్‌లైన్ నంబరు ఎస్టీడీ కోడుతో సహా పడాలి. రాజమండ్రి అయితే 0883, కాకినాడ 0884, భీమవరం 08816, అమలాపురం 08856. ఎత్తి వింటే కీచుమనే కూత వినపడొచ్చు. ఏటీహెచ్ కొట్టి పెట్టేయండి.

ఇప్పుడు తిరగేసి చేయండి. సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కి ఫోన్ చేస్తే మినీకామ్ తెరమీద "రింగ్" అన్న మాట పడాలి. రెండు పరీక్షలూ నెగ్గితే చిప్పు, డ్రైవరు, లైను మూడూ బాగున్నట్టు. ఫ్యాక్స్ కావాలంటే ఏటీ+ఎఫ్‌క్లాస్=? కొట్టండి. జవాబులో 1 ఉండాలి. వట్టి 0 ఒక్కటే వస్తే ఆ డ్రైవరుతో ఫ్యాక్స్ రాదు.

ఎక్కడ తప్పుతుంది, ఎందుకు

"నో డయల్‌టోన్" వస్తోంది. ముందు తీగ "లైన్" రంధ్రంలోనే ఉందా చూడండి. ఉంటే, ఏటీఎక్స్3 కొట్టి మళ్లీ డయల్ చేయండి. అంటే టోన్ కోసం కాచుకోకుండా డయల్ చేయమని. ఎక్స్‌ఛేంజి టోన్‌ని మోడెమ్ గుర్తుపట్టకపోతే దీనితో దారి దొరుకుతుంది. అయినా సెల్ మోగలేదంటే కార్డు పిడుగుకి పోయి ఉండొచ్చు. వేసవి గాలివానల్లో తీగ పీకకుండా వదిలేసిన కార్డుల గతి ఇదే. లైను తగిలే వైపు కాలిపోతుంది, కంప్యూటర్ వైపు బాగానే ఉంటుంది. అందుకే ఎల్ఎస్‌పీసీఐలో కనిపిస్తుంది, ఏటీకి ఓకే అంటుంది, డయల్ మాత్రం చేయదు. దీనికి ఏ డ్రైవరూ మందు కాదు. ఉరిమితే తీగ పీకండి, ఆ తర్వాతే కిటికీలు మూయండి.

"ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్". హెడర్లు ఒక కెర్నెల్‌వి, నడుస్తున్నది ఇంకో కెర్నెల్. డీమెసేజ్ చివర్లో "వెర్షన్ మ్యాజిక్" అనే మాట పక్కన రెండు సంఖ్యలూ చూపిస్తుంది, పోల్చుకోండి. అప్‌డేట్ అయిన మర్నాడు మోడెమ్ పోయిందంటే కారణం ఇదే. మళ్లీ కట్టండి, లేదా బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోండి.

ఫైలు కళ్ల ముందే ఉన్నా "అలాంటి ఫైలు లేదు" అంటోంది. 64 బిట్ లినక్స్‌లో ఎస్ఎల్‌మోడెమ్‌డీ నడిపితే వచ్చే వింత ఇది. ప్రోగ్రాం 32 బిట్‌ది, దాన్ని మోసే 32 బిట్ లైబ్రరీలు లేవు. లేనిది ఆ లైబ్రరీ, తిట్టేది మన ఫైలుని. డెబియన్‌లో "డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386" ఇచ్చి, జాబితా అప్‌డేట్ చేసి, 32 బిట్ లిబ్‌సీ వేయండి.

"పర్మిషన్ డినైడ్". మీ యూజరుని డయలౌట్ గ్రూపులో చేర్చండి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి, ఇది మర్చిపోయి గంటలు పోగొట్టుకుంటారు.

మినీకామ్‌లో ఒకసారి ఓకే వస్తుంది, ఒకసారి చెత్త అక్షరాలు వస్తాయి. మోడెమ్‌మేనేజర్ అనే సర్వీసు అదే పోర్టులో వేలు పెడుతోంది. "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మోడెమ్‌మేనేజర్" ఇచ్చి ఆపండి. పేరులో రెండు "ఎం"లూ పెద్దవి.

విండోస్ డ్రైవరు సీడీ ఉంది కదా అని ఎన్‌డీఐఎస్‌ర్యాపర్‌తో ప్రయత్నించడం. అది వైఫై, నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్లకి మాత్రమే. మోడెమ్‌కి పనికిరాదు, విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్ కూడా అంతే.

రెండు డ్రైవర్లు వేయడం. ఒకటి రాలేదని పక్కది, అదీ రాలేదని ఇంకోటి. ఎస్ఎల్ఏఎంఆర్, ఎస్ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం రెండూ ఒకే చిప్పు కోసం కొట్టుకుంటాయి. రెండోది వేసేముందు మొదటిది పూర్తిగా తీసేయండి.

ఫైబర్ లైను మీద కలవడం లేదు. ఫైబర్ డబ్బా ఫోను పోర్టు నుంచి మాట ఇంటర్నెట్ ప్యాకెట్లుగా వెళుతుంది. మనిషి గొంతుకి అది చాలు, మోడెమ్ కూతకి చాలదు. 56 కిలోబిట్ల మాట మర్చిపోండి, వేగం బలవంతాన తగ్గించండి. స్మార్ట్ లింక్‌లో ఏటీ+ఎంఎస్=132,0,4800,9600 అంటే 9600 దాటదు. మిగతా వాటిలో ఏటీ+ఎంఎస్=? కొట్టి అది ఒప్పుకునే విలువలు చూసుకోండి. ఫ్యాక్స్‌కీ 9600 పెట్టండి. రాగి లైను వానలో గరగరమన్నప్పుడు కూడా ఇదే ఉపాయం.

ఎప్పుడు మానేయాలి

దశ 4లో మీ చిప్పు ఏ పాయలోనూ పడకపోతే, లేదా రెండు సాయంత్రాలు కూర్చున్నా ఏటీకి ఓకే రాకపోతే వదిలేయండి. పాత కంప్యూటర్ సామాను అమ్మే షాపులో సీరియల్ మోడెమ్ అడగండి. కొనేటప్పుడు చూడాల్సినవి మూడు: వెనక 9 లేదా 25 పిన్నుల పోర్టు, దాని అడాప్టరు కూడా ఇస్తున్నారా, ముందువైపు దీపాలు వెలుగుతున్నాయా. కంప్యూటర్‌కి సీరియల్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే తీగ పెట్టుకోండి, అది /డెవ్/టీటీవైయూఎస్‌బీ0గా వస్తుంది ("యూఎస్‌బీ" పెద్ద అక్షరాలు). యూఎస్‌బీ మోడెమే కొంటే యూఎస్ రోబోటిక్స్ 5637 లాంటిది సీడీసీ ఏసీఎం దారిలోనే కలుస్తుంది. షాపులోనే లినక్స్ ల్యాప్‌టాప్‌కి గుచ్చి డీమెసేజ్ చూసి, టీటీవైఏసీఎం0 అని పడితేనే డబ్బులివ్వండి.